వెనక కూర్చున్నవాడి చూపు

మంచు మీద నడిచే బండి ఒకటి. దాని మీద ఇద్దరు మనుషులు. వేడెక్కే అద్దమున్న హెల్మెట్ మాత్రం ఒక్కటే. దాన్ని ఎవరి తలకు పెడతారు? నడిపేవాడికా, వెనక కూర్చున్నవాడికా? ఆలోచించి చెప్పండి. నేను ఆలోచించకుండానే ఒకరికి పెట్టేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

జనవరి మొదటి వారం, ఉదయం ఆరున్నరకు సౌదీ ఉత్తరాన ఉన్న తబూక్ విమానాశ్రయంలో దిగాను. బయట మూడు డిగ్రీలు. అక్కడి నుంచి పికప్ బండిలో పడమరగా మూడు గంటల ప్రయాణం. మొదట పెద్ద పెద్ద పొలాలు, తర్వాత ఇసుక, తర్వాత గోధుమరంగు రాతి కొండలు. క్యాంపు చేరేసరికి కొండల తలలు తెల్లగా ఉన్నాయి. సౌదీలో మంచు పడుతుందంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. ఏటా కొద్ది రోజులు పడుతుంది. దానికి తోడు యంత్రాలతో మంచు చేసి, ఆ కొండవాలును ఆటస్థలంగా మార్చవచ్చా అని ఒక సంస్థ పరీక్షిస్తోంది. ఆ పరీక్ష జరిగే చోట కాపలా, రక్షణ మా పని.

అంతకుముందు ఐదేళ్ళు సైన్యంలో ఉన్నాను. అందులో రెండు శీతకాలాలు హిమాలయాల్లో స్నో స్కూటర్ నడిపాను. మోకాలి గాయంతో సర్వీసు ముగిసింది. ఇక్కడ మూడు నెలల కాంట్రాక్టు. యూనిఫాం లేదు, తుపాకీ లేదు. మిగతాదంతా అదే. రోల్ కాల్, వాచ్, రేడియో, ఆర్డర్. అందుకే దీన్ని కూడా డ్యూటీ అనే అంటాను.

నాకు అప్పగించినవి ఒక స్నో స్కూటర్, ఒక రేడియో, రెండు హెల్మెట్లు. నడిపేవాడి హెల్మెట్ కొత్త రకం. దాని అద్దం రెండు పొరలు. పొరల మధ్య కంటికి ఆనని వేడి తీగ. ఎడమ చెంప దగ్గర నుంచి వేలాడే వైరును బండి సాకెట్‌లో గుచ్చితే రెండు నిమిషాల్లో అద్దం గోరువెచ్చనవుతుంది. ఊపిరి ఆవిరి దాని మీద నిలవదు. రెండో హెల్మెట్ మామూలుది. మా హిమాలయ పోస్టులో వేడి అద్దాలు లేవు. గాగుల్స్ లోపల సబ్బు రుద్ది, గుడ్డతో తుడిచి బయలుదేరేవాళ్ళం.

కొత్త హెల్మెట్ వాడకం నాకు నేర్పింది క్యాంపు మెకానిక్. రాయచోటి మనిషి. యాభై దాటాయి. సౌదీకి వచ్చి ఇరవై రెండేళ్ళు, అందులో చాలా భాగం జుబైల్ ఫ్యాక్టరీల్లో. అందరికీ ఆయన భాయ్. సైన్యం నుంచి వచ్చానని ఆయనకు నేను ఫౌజీని.

"ముందు వైరు గుచ్చు. అద్దం ఎచ్చగైనంక తలకాయ పెట్టు. చల్లటిదాంట్లో ఊపిరి ఇడిస్తే ఆవిరి పట్టేస్చాది. చేతొడుగుతో తుడిచేవు, గీతలు పడి చస్చాది."

"వైరు కుదుపులకు ఊడిపోతోంది భాయ్. టేపు వేద్దామా?"

"టేపా! బండి మీంచి పడితే వైరు ఊడి రావల్ల. టేపేస్తే బండెమ్మడి నీ మెడకాయ గూడా పోతాది. మెడకాయల రిపేరు నాకు రాదు నాయనా."

బండి తుడుస్తూ నేనొకటి గమనించాను. సాకెట్లు రెండున్నాయి. ఒకటి ముందు, ఒకటి వెనక సీటు పక్కన. బండి తయారుచేసినవాడు రెండు తలలను లెక్కలోకి తీసుకున్నాడు. కొన్నవాడు ఒకదాన్నే తీసుకున్నాడు. మరునాడు ముదీర్‌ను అడిగాను. క్యాంపు మేనేజర్‌ను అక్కడందరూ ముదీర్ అనే పిలుస్తారు.

"వెనక సీటుకు సాకెట్ ఉంది సార్. వేడి అద్దం హెల్మెట్ ఎందుకు లేదు?"

"వెనక కూర్చున్నవాడు దారి చూసి ఏం చేస్తాడు?" అన్నాడాయన, కాగితాల నుంచి తలెత్తకుండా.

భాయ్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. బయటికి వచ్చాక నవ్వాడు. "ఏం ఫౌజీ, నోట్లో మాట అయిపోయిందా?"

"ఆయన అన్నది నిజమే కదా భాయ్. నడిపేవాడు చూస్తే చాలు."

"నిజమేలే. ఎనక కూర్చున్నోన్ని ఎవురన్నా ఒకసారి అడిగినారా మరి?"

ఆ మాటను నేను హాస్యమనుకున్నాను.

క్యాంపులో తెలుగు తెలిసిన మూడో మనిషి క్లినిక్ నర్సు. భీమవరం వైపు నుంచి వచ్చింది. సౌదీలోనే అభా ఊళ్ళో ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళు పనిచేసింది. నన్ను తమ్ముడూ అనేది. సాయంత్రం ఆరింటికి రేడియోలో అందరి క్షేమం అడగడం ఆమె డ్యూటీ. మా ఇద్దరి వంతు వచ్చేసరికి ఇంగ్లీషు వదిలేసేది. "కాళ్ళు తడిసినవాళ్ళు ఇప్పుడే చెప్పండి. రేపొద్దున్న కుంటుకుంటూ వస్తే నేను ఊరుకోను."

ఐదో వారంలో రెండు రోజులు అసలైన మంచే పడింది. మూడో రోజు పగలు మైనస్ ఏడు. మంచు యంత్రాలకు నీళ్ళు తోడే కొండ మీది పంపు గదికి వెళ్ళే దారి గాజులా గడ్డకట్టింది. జీపు రెండుసార్లు జారి వెనక్కి వచ్చింది. భాయ్ ఉదయాన్నే మంచు యంత్రం ఫ్యాన్ బాగుచేయడానికి ఇద్దరు బంగ్లాదేశీ కూలీలతో నడిచే పైకి వెళ్ళాడు. అది క్యాంపు నుంచి నాలుగు కిలోమీటర్లు.

మధ్యాహ్నం మూడు ఇరవైకి రేడియోలో భాయ్ గొంతు పలికింది.

"ఫౌజీ. ఫ్యాన్లో చెయ్యి పడింది. కుడిది."

ఒక్కడినే బయలుదేరాను. ఖాళీ సీటు మీద మామూలు హెల్మెట్ లేదు. ఉదయం ఎవరో దాన్ని పంపు గదికి తీసుకెళ్ళారు. పైకి పదిహేను నిమిషాలు. వెచ్చటి అద్దంలోంచి నారింజరంగు గుంజలు ఒక్కొక్కటే స్పష్టంగా ఎదురొచ్చాయి. ముప్పై అడుగులకొకటి. దారి అంచును అవే చెబుతాయి. మూడో మలుపు దగ్గర కుడివైపు లోయ. కొండ శిఖరం మీద మబ్బు కూర్చుని ఉంది.

భాయ్ హీటర్ పక్కన నేల మీద కూర్చున్నాడు. కుడిచేతికి ఎవరిదో కండువా చుట్టారు. అది నల్లగా తడిసింది. బొటనవేలు, పక్క రెండు వేళ్ళు నలిగాయి. రేడియోలో సిస్టర్‌కు చెప్పాను.

"వేళ్ళు ఉన్నాయా తమ్ముడూ, తెగాయా?"

"ఉన్నాయి. నల్లబడుతున్నాయి."

"అయితే ఆశుంది. కట్టు గట్టిగా బిగించు. చెయ్యి గుండె కంటే పైకి కట్టు. చలి తగలనివ్వకు. మొహం గడ్డకట్టనివ్వకు. ఏం చేస్తావో తెలీదు, పడుకోనివ్వకు. అయిదింటికి అంబులెన్సు తబూక్ బయల్దేరాలి. ఆలస్యమైతే ఆ చెయ్యి దక్కదు."

భాయ్ అంతా విన్నాడు. కట్టు కట్టించుకుంటూ ఒకే మాట అన్నాడు. "ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన చెయ్యి రా ఇది."

సైన్యంలో ఒక ఆచారం ఉంది. ఏ పుస్తకంలోనూ రాసి లేదు. గాయపడినవాడికి దళంలో ఉన్నవాటిలో మంచిది ఇవ్వాలి. పొడి మేజోళ్ళు, మందపు చేతొడుగు, వేడి టీ మొదటి గుక్క. చేతులు దానికి ఎంత అలవాటు పడతాయంటే, బుర్రను అడగవు. నా హెల్మెట్ తీసి భాయ్ తలకు పెట్టాను. వైరు వెనక సాకెట్‌లో గుచ్చాను.

"నడిపేటోనివి నువ్వు గదరా!"

"మాట్లాడకండి భాయ్. మీరు కళ్ళు మూయకూడదు. అంతే."

మామూలు హెల్మెట్ ఉదయం నుంచి హీటర్ పక్కనే ఉంది. మంచు కరిగి లోపల స్పాంజి చెమ్మగా ఉంది. దాన్ని పెట్టుకున్నాను. భాయ్ నడుమును నా నడుముకు పట్టీతో కట్టుకున్నాను. మూడు యాభై అయిదుకు కదిలాము.

మూడు వందల గజాలు పోయామో లేదో మబ్బు దిగింది. అద్దానికి ముందు ఆవిరి పట్టింది. తర్వాత ఆ ఆవిరి తెల్లటి పొరగా గడ్డకట్టింది. చేతొడుగుతో తుడిచాను. గీతలు పడ్డాయి. అద్దం పైకెత్తాను. గాలిలో మంచు రవ్వలు సూదుల్లా కొట్టాయి. కళ్ళు నీరు కారాయి. ఆ నీరు రెప్పల మీద గడ్డకట్టింది. గుంజలు మాయమయ్యాయి. బండి ఆపాను.

ఇక్కడ నా తప్పు నాకు పూర్తిగా అర్థమైంది. ప్రేమతో చేసిన పని ఇద్దరి ప్రాణాలను లోయ అంచుకు తెచ్చింది.

"భాయ్, హెల్మెట్లు మార్చుకుందాం."

ఆయన ఎడమచేత్తో హెల్మెట్‌ను అదిమి పట్టుకున్నాడు. మనిషి వణుకుతున్నాడు. "ఇది దీస్తే నేను పడిపోతా ఫౌజీ. నాకు బాగా కనపడతాండాది. ఆ గుంజలు నాటిచ్చినోన్ని నేనే. నువ్వు పిడి పట్టు. నేను దోవ చెప్తా."

"ఇంజన్ చప్పుడులో మీ మాట వినపడదు."

"చెయ్యుంది గదా ఇంకోటి. భుజం మీద ఒకటి కొడితే ఎడమ. రెండు కొడితే కుడి. కాలరు గుంజితే ఆపు."

"గట్టిగా కొట్టండి. జాకెట్ మందం."

"నిన్ను కొట్టల్లని నెల నుంచి అనుకుంటాండా లే. పా."

అలా బయలుదేరాము. అద్దం దించితే తెలుపు, ఎత్తితే సూదులు. దించే ఉంచాను. ఇంజన్‌ను అతి తక్కువ వేగంలో పెట్టాను. నాకున్న దారి అంతా నా ఎడమ భుజం మీద ఉంది. ఒక దెబ్బ. ఎడమ. రెండు దెబ్బలు. కుడి. మంచు పలచగా ఉన్నచోట బండి ముందు జారే పలకలు, ఆ రెండు స్కీలు, రాళ్ళను గీరి కీచుమన్నాయి. సైన్యంలో ఎందరి ఆదేశాలో విన్నాను. అంత నమ్మి ఏదీ పాటించలేదు.

మూడో మలుపు దగ్గర కాలరు మెడను కోసేంత గట్టిగా బిగిసింది. బండి ఆపి అద్దం ఎత్తాను. ఎడమ స్కీ ముక్కు గుంజకు అవతల ఉంది. దాని కింద ఏమీ లేదు. పట్టీ విప్పి దిగి బండిని వెనక్కి లాగాను. మళ్ళీ పట్టీ కట్టుకుని కూర్చున్నాను. రెండు దెబ్బలు. మళ్ళీ రెండు.

తర్వాతి దారి తిన్నగా ఉంది. దెబ్బలు ఆగిపోయాయి. యాభై గజాలు, వంద గజాలు. ఆయన నిద్రలోకి జారాడనుకున్నాను. వెనక్కి తిరిగి అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. అప్పుడు భుజం మీద చెయ్యి కదిలింది. కొట్టలేదు. రెండుసార్లు మెత్తగా నిమిరింది. తిరగవలసిన మలుపు ఏదీ లేదు. ఉన్నానని చెప్పడానికే ఆ నిమరడం.

నాలుగు నలభై రెండుకు క్లినిక్ ముందు ఆగాము. సిస్టర్ కంబళితో బయటే నిలబడి ఉంది. ముందు కట్టు చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"ఏంట్రా ఆ రెప్పలు! మంచి హెల్మెట్ ఆయనకెందుకు పెట్టావ్? కళ్ళు లేకుండా ఎలా నడిపావసలు?"

"నేను నడపలేదు సిస్టర్."

"తిట్టొద్దమ్మా వాన్ని," అన్నాడు భాయ్ స్ట్రెచర్ మీద నుంచి. "డ్రైవరు వాడే. కండ్లు నావి."

ఆమె వేడినీళ్ళలో ముంచిన గుడ్డ నా కళ్ళ మీద పెట్టి, నా చేతులతోనే పట్టుకోమని చెప్పి అంబులెన్సు ఎక్కింది. అప్పటికి నాలుగు యాభై అయిదు.

బొటనవేలు నిలిచింది. చూపుడువేలు నిలిచింది. మధ్యవేలి కొస పోయింది. మూడు వారాల తర్వాత భాయ్ క్యాంపుకు తిరిగొచ్చి, అందరి ముందూ స్పానర్ పట్టి ఒక నట్టు బిగించి చూపాడు. చాలా సేపు పట్టింది. ఎవరూ సాయం చేయబోలేదు. చేయకూడదని అందరికీ తెలిసింది.

అంతకుముందే నేనొక విజ్ఞప్తి రాశాను. వెనక సీటుకు కూడా వేడి అద్దం హెల్మెట్ ఇవ్వాలని. సిస్టర్ సంతకం చేసింది. భాయ్ తిరిగొచ్చాక ఎడమచేత్తో చేశాడు. ముదీర్ చదివాడు.

"నడిపేవాడు తన హెల్మెట్ తీసివ్వడం నియమానికి విరుద్ధం. తప్పు నీది."

"నాదే సార్. మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. నియమంలో ఉన్న తప్పు రెండో వాక్యంలో ఉంది. వెనక కూర్చున్నవాడికి చూపు అక్కర్లేదని అది అనుకుంటోంది. వెనక కూర్చునేది ఎవరు? దెబ్బ తగిలినవాడు, జ్వరం వచ్చినవాడు, దారి తెలిసి బండి నడపడం రానివాడు. వాళ్ళకు ఒకటి ఉండి ఉంటే నేను ఎంచుకోవలసిన అవసరమే వచ్చేది కాదు."

ఆయన కాగితాన్ని మడిచి, పైకి పంపుతానన్నాడు. పంపాడనే నమ్ముతున్నాను. మార్చి ఆఖరున నేను బయలుదేరే రోజుకు హెల్మెట్లు రాలేదు.

శంషాబాద్‌లో దిగేసరికి ఎండ మండుతోంది. ఇంటికొచ్చి నెలలు గడిచాయి. మోకాలు సర్దుకుంది. కొండ పేరు అడిగితే ఒక్కోసారి తడుముకుంటాను. ఒక్క దృశ్యం మాత్రం వదలదు. క్లినిక్ ముందు బండి ఆపి వెనక్కి తిరిగినప్పుడు చూసింది. బండి తెలుపు, నా చేతొడుగులు తెలుపు, ఆయన జాకెట్ తెలుపు. ఆ తెలుపు మధ్య అరచేతి వెడల్పున ఒక శుభ్రమైన అద్దం. దాని వెనక రెండు కళ్ళు. నీళ్ళు చెంపల మీదుగా జారుతున్నాయి, ఆ వెచ్చదనంలో గడ్డకట్టకుండా. మేము చేరామని ఆ కళ్ళకు ఇంకా తెలియదు. నా భుజం మీదుగా తర్వాతి గుంజ కోసం వెతుకుతూనే ఉన్నాయి.

మీ ఇంటి మనిషి ఎవరైనా తబూక్‌లోనో, జుబైల్‌లోనో, మన ఊళ్ళోని క్వారీలోనో పనిచేస్తూ ఉండవచ్చు. ఈ వారం మాట్లాడినప్పుడు ఒక ప్రశ్న అడగండి. పనిలో నీకిచ్చిన రక్షణ సామగ్రి నీ ఒక్కడిదేనా, పక్కవాడితో పంచుకుంటున్నావా? పంచుకుంటున్నానంటే సర్దుకోమని చెప్పకండి. ఫోన్ పెట్టేయకుండా, యజమానికి ఇవ్వాల్సిన కాగితం మాట మాటా చెప్పి రాయించండి. కింద ఒక్క సంతకంతో ఆపనివ్వకండి. పక్కవాడి చేత కూడా చేయించమనండి.