గాజు ట్రేల జిడ్డు

మా తమ్ముడు మొదటి జీతం అందుకున్న వారంలోనే పెద్దపల్లి వెళ్లి నాకోసం ఒక కరెంటు ఓవెన్, అందులో పట్టే రెండు గాజు ట్రేలు కొనుక్కొచ్చాడు. గోదావరిఖనిలో మాకున్న కంపెనీ క్వార్టర్ వంటగది గట్టు మీద దాన్ని పెట్టి, ప్లగ్గు గుచ్చి, "నీకు వంటలంటే ఇష్టం గదక్కా" అన్నాడు. ఇష్టమే. అయితే నేను ఇంట్లో అడిగింది ఆ జీతం వచ్చే నౌకరీని.

మా నాన్నను మేం బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. వయసంతా భూగర్భ గనిలో బొగ్గు నింపి మోకాళ్లు, ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాక మెడికల్ బోర్డు ఆయన్ను అన్‌ఫిట్ చేసింది. అలా దిగిపోయినవాళ్ల ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. అప్పటికి కూతుళ్ల పేరు కూడా పెట్టొచ్చు. మా పక్క లైనులోని అమ్మాయి ఒకామె రోజూ మా గుమ్మం ముందునుంచే డ్యూటీకి పోయి వచ్చేది. నేను డిగ్రీ చదివి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తున్నాను. జీతం ఎంతని ఎవరైనా అడిగితే మాట మార్చేదాన్ని. తమ్ముడు నాకన్నా చిన్నవాడు, ఐటీఐ మధ్యలో మానేశాడు.

ఒకరోజు బాపు అన్నం తింటుంటే పక్కన కూర్చుని అడిగాను.

"గా నౌకరి నాకు పెట్టియ్యి బాపు. నేను చేస్త."

"బాయిల దిగుతవా నువ్వు?" అన్నాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు.

"మీద పని గూడ ఉంటది గదా. పక్క లైన్ల పిల్ల చేస్తలేదా?"

బాపు తల వంచి అన్నం కలుపుకున్నాడు. అవ్వ చారు గిన్నె పక్కన పెట్టి, "రేపు పెండ్లయితే నువ్వు పోయేదానివి. గా నౌకరి ఇంకోళ్ల ఇంట్ల పడతది. వానికి నౌకరి లేకుంటె పిల్లనెవలిస్తరు?" అంది. మాట అక్కడితో ముగిసింది. నాకు అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం కావాల్సిన రోజు అవ్వే పెన్ను నా చేతిలో పెట్టి, నేను రాసేదాకా ఎదురుగా నిలబడింది.

ఓవెన్ వచ్చాక మా ఇంట్లో ఆదివారం కోడి వండే తీరు మారింది. ముక్కలకు పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి, నూనె పోసి, గాజు ట్రేలో పేర్చి లోపల పెట్టేదాన్ని. అవి ఎర్రగా కాలుతుంటే కొవ్వు కరిగి చిటపటమని ట్రే గోడలకు అంటుకునేది. ఆ వేడికి అక్కడే వార్నిష్‌లా గట్టిపడేది. మూలల్లోనూ, పట్టుకునే చెవుల కిందా మరీ మొండి. తినడానికి నలుగురం, తోమడానికి నేను ఒక్కదాన్ని.

మొదట్లో అవ్వ సాయం చేయబోయింది. ఒక ట్రేని వేడివేడిగా తెచ్చి నల్లా కింద పెట్టింది. టప్పుమని రెండు ముక్కలైంది. మిగిలిన ట్రేని ఇనుప పీచుతో, ఇటుక పొడితో రుద్దింది. గాజంతా గీతలు పడ్డాయి. తర్వాత నుంచి జిడ్డు ఆ గీతల్లోకి పోయి కూర్చునేది. ఇక ఆ పని నేనే పెట్టుకున్నాను. చేసి చూసి నేర్చుకున్నాను. ట్రే పూర్తిగా చల్లారాలి. వంట సోడాను గిన్నెలు తోమే లిక్విడ్‌తో ముద్దలా కలిపి జిడ్డు మీద మందంగా పూయాలి. కాసేపాగి వేడినీళ్లు నింపి ఒక పూట వదిలెయ్యాలి. అప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది. చెవుల కింద మిగిలినదానికి మళ్లీ సోడా, మళ్లీ ఇంకో పూట. ఓపిక కావాలి. మా ఇంట్లో ఓపిక ఒక్కటే నా వాటాకు వచ్చింది.

తమ్ముడికి సంబంధం చూసి మందమర్రి నుంచి పిల్ల తల్లిదండ్రులు వచ్చారు. వాళ్లకోసం నేనే పొద్దున్నే లేచి కోడి చేశాను. భోజనాలయ్యాక వెనక దొడ్లో నల్లా దగ్గర కూర్చుని పొద్దుట నానబెట్టిన ట్రేని గీకుతున్నాను. ముందు గదిలో మాటలు వినబడుతున్నాయి.

"మీ బిడ్డకెందుకు పెట్టియ్యలే బావా నౌకరి? ఇప్పుడు ఆడపిల్లలు గూడ చేస్తున్నరు గదా" అని పిల్ల తండ్రి అడిగాడు.

"దాని మనసంత వంటింట్లనే. ఓవెన్ గూడ కొనిచ్చినం" అన్నాడు బాపు. అందరూ నవ్వారు.

లేచి లోపలికి వెళ్లాలనిపించింది. చేతుల నిండా సోడా, కొవ్వు. నేను నోరు తెరిస్తే తమ్ముడి పెళ్లి చెడుతుందేమోనని కూర్చుండిపోయాను. వాళ్లు వెళ్లాక అవ్వ దొడ్లోకి వచ్చి, "పిల్లనిస్తమన్నరు. కోడి మంచిగైందన్నరు" అని చెప్పి, ట్రే వైపు చూసి, "ఇంక పోలేదా అది?" అంది.

పెళ్లయింది. వచ్చిన పిల్ల మంచిదే, నాతో కలిసిపోయింది. తమ్ముడు మాత్రం డ్యూటీకి నాగాలు పెట్టడం మొదలుపెట్టాడు. మొదట కడుపునొప్పి అన్నాడు, తర్వాత నడుము అన్నాడు, ఆ తర్వాత ఏమీ చెప్పకుండానే షిఫ్టు టైముకు ముసుగు పెట్టి పడుకునేవాడు. కంపెనీ నోటీసులు వస్తే బాపు తిట్టేవాడు. ఒక మధ్యాహ్నం నేను దొడ్లో తోముతుంటే వాడు వచ్చి పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"బాయిల దిగుతుంటె ఊపిరాడదక్కా. మొదటిరోజు కాన్నుంచి గంతే. కాళ్లు వణుకుతయి" అన్నాడు.

"మరి నౌకరి వద్దని ఎందుకనలే?"

"బాపు ముందట ఎట్లంట? మొగోనివి, నీకు భయమేందని అందరు నవ్వరా?"

"నాతోనన్న చెప్పకపోతివి. నేను అడుగుతున్న అని నీకు తెల్వదా?"

"తెలుసు" అన్నాడు.

ఇంకేమన్నా అంటాడేమోనని చూశాను. తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు. నేను కార్డు పక్కన పడేసి ఇనుప పీచు తీసుకున్నాను. గీతలు పడితే పడనీ అనుకుని, చేతులు మండేదాకా రుద్దాను.

విచారణకు రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ ఏదో చెప్పి వచ్చాడు. చివరికి వాణ్ని ఉద్యోగంలోంచి తీసేశారు. క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. బసంత్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. తమ్ముడు అక్కడే సిమెంటు లారీల దగ్గర పనికి కుదిరాడు. ఎండలో నిలబడి పనిచేస్తాడు, ఒక్కరోజు కూడా మానడు. నేను బస్సులో వెళ్లి పాత బడిలోనే లెక్కలు చెప్తున్నాను. నాకొచ్చిన సంబంధాల వాళ్లు ఇప్పుడు తమ్ముడి నౌకరీ ఎలా పోయిందని ముందు అడుగుతారు.

బాపుతో పనిచేసిన పాత మనుషులు అప్పుడప్పుడు పలకరించడానికి వస్తారు. మొన్న బాబాయి వరసయ్యే ఒక కాక వచ్చి, నౌకరి గట్ల చేజారగొట్టుకున్నరేందే అని బాధపడ్డాడు. నేను అప్పుడే బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాను.

"నేను బిడ్డకే పెట్టిద్దామనుకున్న" అన్నాడు బాపు. "అదే వద్దన్నది."

"నేను అడిగిన బాపు" అన్నాను గుమ్మంలోనే నిలబడి.

ఆయన నావైపు తిరిగి చూశాడు. ముఖంలో కోపం గానీ తప్పించుకునే చూపు గానీ లేదు.

"ఎప్పుడడిగినవు బిడ్డా?" అన్నాడు.

అవ్వ వైపు చూశాను. కాక తాగేసిన చాయ్ గ్లాసు తీసుకుని ఆమె లోపలికి వెళ్లింది.