ఏదీ బాబాయి టేపు డ్రైవు బేరం

ఎవరేం చెప్పినా "ఏదీ, చూపించు" అనేవాడు ఆయన. ఆస్పత్రిలో కంప్యూటర్ల గది ఆయనది. అసలు పేరు జీతాల జాబితాలో ఉండే ఉంటుంది, మనుషులకి మాత్రం ఏదీ బాబాయి. టీలో చక్కెర వేశానంటే "ఏదీ?" బయట వానంటే "ఏదీ?" అని కిటికీలోంచి చెయ్యి చాపేవాడు. మనవడు పుట్టాడని ఫోనొస్తే కూడా "ఏదీ?" అన్నాడట. రెండు బస్సులు మారి వెళ్ళి, చూసి, అప్పుడు సంతోషించాడట.

ఓసారి మెకానిక్ లిఫ్టు బాగుచేశానన్నాడు. "ఏదీ, నువ్వెక్కు" అన్నాడు బాబాయి. ఎక్కాడు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య గంటసేపు ఇరుక్కున్నాడు. బాబాయి మెట్లమీద కూర్చుని, పాపం వాడికి విసుగు పుట్టకుండా ఆ గంటా కబుర్లు చెప్పాడు.

ఈయనవల్ల నిజంగా తలనొప్పి పడింది కొనుగోళ్ల మేడమ్. ఆస్పత్రికి దూది మొదలు మంచాల దాకా కొనే పని ఆవిడది. కుర్చీలు కొంటే బాబాయి కూర్చుని చూస్తాడు, మంచాలు కొంటే పడుకుని చూస్తాడు. ఓసారి అలా చూస్తూ చూస్తూ నిద్రపోతే, కొత్త నర్సు వచ్చి బీపీ చూసి మాత్ర కూడా తెచ్చింది.

ఇలా ఉండగా ఓ మంగళవారం టేపు డ్రైవు కన్నుమూసింది. పాత స్కాన్లన్నీ ఆస్పత్రివాళ్లు టేపుల్లో దాచారు. ఆ టేపుల్ని చదివే పెట్టె అదొక్కటే.

ఆ రోజే ఓ కుట్టుమిషనావిడ ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది. పదేళ్ల కిందట ఇక్కడే స్కాన్ తీశారు. ఇంట్లో ఉన్న ఫిల్ము వానకి తడిసి పాడైంది. "పాత స్కాన్లో కూడా ఇదే మచ్చ ఇలాగే ఉంటే భయం లేదు. స్కాన్ దొరక్కపోతే సోమవారం కోసి చూడాల్సిందే" అన్నాడు డాక్టరు.

మేడమ్ ఆ సాయంత్రమే ఓ పెద్ద దుకాణానికి వెళ్ళింది. వెంట బాబాయి.

"సరికొత్త మోడల్ మేడమ్! దీన్ని మించింది లేదు" అన్నాడు దుకాణంవాడు.

"మా పాత టేపులు చదువుతుందా?"

"అయ్యో, కళ్లు మూసుకుని చదువుతుంది సార్."

"ఏదీ?" అని బాబాయి సంచీలోంచి టేపు తీశాడు. రోగులది కాదు. అదే పాతకాలం టేపుమీద, ఇలాంటి పరీక్షల కోసమే తన కరెంటు బిల్లులు రాసిపెట్టుకున్నాడు.

డ్రైవు టేపుని మింగింది. కాస్త గొణిగింది. ఉమ్మేసింది.

"చూశావా అమ్మాయ్! ఇది తన ఈడు టేపుని చదువుతుంది, నాన్న తరాన్ని గుర్తుపడుతుంది. మనది ముత్తాత తరం. ఎదురొచ్చినా ఎవరండీ మీరంటుంది. మనకి పాత మోడలే కావాలి."

"ఆస్పత్రి సొమ్ముతో పాత సామాను కొన్నానంటే నన్నేమంటారు బాబాయ్?"

"ముత్తాత భాష తెలిసిన కోడల్ని తెచ్చానని చెప్పు."

బుధవారం ఓ పాతసామాన్ల కొట్లో సరైన మోడల్ దొరికింది. టేపు చదివింది కూడా. మేడమ్ దణ్ణం పెట్టుకుంది. ఇంతలో బాబాయి డ్రైవు వెనక్కి తిప్పి, తీగ పెట్టే చోటు చూశాడు.

"మన కంప్యూటర్‌కి ఇది పట్టదు."

"ఏదో ఒకటి తగిలిద్దాం బాబాయ్! అవతల ఆవిడ ప్రాణం మీదికొచ్చింది!"

"అందుకే చూస్తున్నానమ్మా."

గురువారం నాలుగు కొట్లు. "పనిచేస్తుంది" అన్న ప్రతివాణ్ణీ "ఏదీ?" అన్నాడు. ఒకడు దుకాణం కట్టేస్తున్నానన్నాడు. దానికీ "ఏదీ?" అన్నాడు. వాడు నిజంగానే కట్టేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఓ మూల కొట్లో, తరమూ కలిసి తీగా కలిసిన డ్రైవు దొరికింది. బాబాయి దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. నాలుగింటికల్లా పాత స్కాన్ తెరమీదకొచ్చింది.

డాక్టరు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "అదే మచ్చమ్మా. పదేళ్లలో వెంట్రుకవాసి పెరగలేదు. కోత అక్కర్లేదు."

కుట్టుమిషనావిడ "సరే బాబూ" అంది. చేతులు మాత్రం సంచీ పిడిని ఇంకా నలుపుతూనే ఉన్నాయి.

"ఏదీ, ఆమెకీ చూపించండి" అన్నాడు బాబాయి.

"నేను చూశాను కదండీ?"

"మీరు చూస్తే మీ అనుమానం తీరింది. ఇంటికెళ్ళి ఒంటరిగా భయపడాల్సింది ఆవిడ."

మేడమ్ తెల్లబోయి చూసింది. బాబాయి పడుకుని చూసిన మంచాలమీద పడుకునేది రోగులు. ఆ లిఫ్టులో వెళ్ళేవి స్ట్రెచర్లు. పెద్దమనిషి ఇన్నేళ్లూ ఎవరి తరఫున అనుమానపడ్డాడో ఇప్పటికి బుర్రకెక్కింది.

డాక్టరు తెర ఇటు తిప్పాడు. కుట్టుమిషనావిడ కళ్లజోడు పెట్టుకుని, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ముందుకి వంగి, ఆ బొమ్మా ఈ బొమ్మా చాలాసేపు చూసింది. చేతులు ఆగాయి.

"ఇంతేనా! గుండీ చిల్లంత లేదు. దీనికా నేను మా ఆయనకి నాలుగురోజులుగా వంట నేర్పుతున్నాను?"

"నేర్చుకున్నాడా?" అడిగింది మేడమ్.

"సగమే వచ్చిందమ్మా. మిగతా సగం కూడా వచ్చాకే ఆయనకి ఈ సంగతి చెబుతా లెండి."

అంటూనే సంచీ కుర్చీలో వదిలేసి, బయట బల్లమీద కూర్చున్న మొగుడి దగ్గరికి పరుగెత్తింది.