ఆరు నెలల కప్పు

మా ఇంట్లో రేడియో మీద వెండిరంగు కప్పు ఒకటి ఉంది. దాని ఒక చెవి కొంచెం వంగింది. అమ్మ అప్పుడప్పుడు విభూతితో తోమి మళ్ళీ అక్కడే పెడుతుంది. ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరు గెలిచారని అడిగితే మా చెల్లెలు "నేనే, సగం" అంటుంది. హాస్యానికి అందనుకుని వాళ్ళు నవ్వుతారు. ఆ సగం ఎలా వచ్చిందో వరుసగా రాసి పెట్టాలని నాకు చాలా రోజులుగా ఉంది. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఏ గోడ దేని మీద ఆనిందో, ఎక్కడ కుంగిందో గీసి చూపితే గాని నాకు నిద్ర పట్టదు.

నాన్నగారు యాభై ఆరులో, కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఫైళ్ళతో పాటు హైదరాబాదు వచ్చిన గుమాస్తా. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నారు. ఇప్పటికీ అందులోనే ఉన్నాం. నేను సివిల్ డిప్లొమా చేసి రోడ్ల ఆఫీసులో చేరాను. చెల్లెలు అబిడ్స్‌లో కాలేజీకి వెళ్తూ, అక్కడి ఆటల టీచరమ్మ చలవతో ఫుట్‌బాల్ నేర్చుకుంది. ఆ ఏడు అబిడ్స్ ఆడపిల్లల జట్టుకి కెప్టెన్ కూడా అయింది. ఇంకో ఏడాది ఆడితే రాష్ట్ర జట్టు ఎంపికకి పంపిస్తానని టీచరమ్మ మాట ఇచ్చింది. చెల్లెలికి కావలసిందల్లా ఆ ఇంకో ఏడాదే.

సంగతి తెలిశాక నాన్నగారు కేకలెయ్యలేదు. ఆయన కేకలు వేసే మనిషి కాదు, షరతులు పెట్టే మనిషి. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఉత్తర్వు చదివినట్టు చెప్పారు.

"నాకు ఆటలంటే వ్యతిరేకం లేదమ్మాయ్. కానీ దేనికైనా ఒక హద్దుండాలి. ఒకటి, దీపాలు పెట్టే వేళకి నువ్వు ఇంట్లో ఉండాలి. రెండు, ఈ ఒక్క సీజనే."

"కప్పు గెలిస్తే?"

"గెలిచి ఇంటికి తీసుకురా. ఇంకో ఏడాది ఆడుకో. నేను మాట తప్పను."

అది నిజం. ఆయన మాట తప్పరు. ఆయనతో మాకు వచ్చిన చిక్కంతా అదే.

ఆ పోటీ నడిపేది అబిడ్స్‌లో ఆటసామాన్ల దుకాణం ఉన్న ఒక పెద్దమనిషి. పాత హైదరాబాదు కుటుంబం. అందరూ ఆయన్ని సెక్రటరీ సాబ్ అనేవాళ్ళు. కప్పుని ఉస్మాన్‌గంజ్ మిర్చి వ్యాపారి ఒకాయన వాళ్ళమ్మ జ్ఞాపకార్థం ఇచ్చాడు. ఆవిడ జన్మలో బంతి ముట్టుకుని ఉండదు. నాకు గీతలు గియ్యడం వచ్చని తెలిసి సెక్రటరీ సాబ్ పోటీ పట్టిక నన్ను వెయ్యమన్నారు. ఓడినవాళ్ళు ఇంటికి, గెలిచినవాళ్ళు పై మెట్టుకి, అంతే. జట్లు ఏడు. కాబట్టి చీటీ తీసి ఒక జట్టుకి మొదటి రౌండులో ఆట లేకుండా బై ఇస్తే, మిగతా ఆరూ ఆడగా మూడు గెలిచి, సెమీఫైనల్‌కి సరిగ్గా నాలుగు జట్లు వస్తాయి. చార్టు నల్లసిరాతో గీసి తీసుకెళ్ళాను.

ఆయన దాన్ని దూరంగా పెట్టి చూశారు. "మంచిగున్నది తమ్మీ. గని నర్సుల జట్టుకి డ్యూటీలుంటయి, వాళ్ళకి బై ఇద్దాం. సికింద్రాబాద్ పిల్లలు గంత దూరంకెల్లి వస్తరు, వాళ్ళకి గూడ ఇద్దాం. హిమాయత్‌నగరోళ్ళు పోయినేడు అలిగిన్రు, వాళ్ళకొకటి."

"సాబ్, ముగ్గురికి బై ఇస్తే సెమీఫైనల్‌కి ఐదు జట్లు వస్తాయి!"

"రానీ. ఎవలో ఒకలు రారు గద!"

సరిగ్గా అలాగే జరిగింది. సెమీఫైనల్ వేళకి నర్సుల జట్టులో సగం మందికి డ్యూటీ మార్చారు, వాళ్ళు తప్పుకున్నారు, లెక్క నాలుగుకి దిగింది. "చూసినవా?" అన్నట్టు సెక్రటరీ సాబ్ నాకేసి కనుబొమలు ఎగరేశారు. తప్పు పద్ధతిలో ఒప్పు జవాబు వచ్చిన విద్యార్థిని చూస్తే మాస్టారుకి ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

ఆట, ఏటా జనవరిలో ఎగ్జిబిషన్ జరిగే నుమాయిష్ మైదానంలో ఒక మూల. తాడుతో మూడు, నాలుగు, ఐదు పాళ్ళ త్రిభుజం వేసి, మూలలు లంబంగా తేల్చి, నేనే సున్నం గీతలు పోశాను. ఇందులో ఎవరూ వేలు పెట్టలేదు. వేలు పెట్టింది వేళ దగ్గర. దీపాలు పెట్టే వేళ షరతు మా నాన్నగారి ఒక్కరిదే కాదని అప్పుడు తెలిసింది. అన్ని జట్ల తల్లిదండ్రులూ అదే అన్నారట. అందుకని సెక్రటరీ సాబ్ ఒక ఏర్పాటు చేశారు. సాయంత్రం పక్క మసీదు నుంచి అజాన్ వినబడగానే రిఫరీ విజిల్ ఊదాలి, ఆట అక్కడికి ముగియాలి. సమానంగా ఉంటే అదనపు సమయం లేదు. ఇంకో రోజు మళ్ళీ ఆడాలి.

అది సబబే అనుకోవచ్చు, ఆట వేళకి మొదలైతే. ఆ సీజన్లో ఒక్క ఆటా వేళకి మొదలు కాలేదు. వాన, బందు, పరీక్షలు సరే. రిఫరీ బ్యాంకులో పని చేసేవాడు, లెక్క తేలని రోజున రాడు. ఒకసారి బంతి పగిలింది. ఆటసామాన్ల దుకాణం ఆసామి నడిపే పోటీలో రెండో బంతి లేదు. దుకాణం తాళంచెవి వాళ్ళ అల్లుడి జేబులో ఉంది, అల్లుడు మేట్నీలో ఉన్నాడు.

గోడ మీద కూర్చునే బేకారుగాళ్ళు సరేసరి. "ఏ చెల్లే, బతుకమ్మ ఆడుకోక గీ బంతేందే!" అని ఒకడు అరిస్తే, మా జట్టు ఫుల్‌బ్యాక్, బొద్దుగా ఉండే టైపిస్టు అమ్మాయి, ఆగి వాడి వైపు తిరిగింది. "మాకు గోల్‌పోస్టు ఒకటి తక్కువున్నది. జర దిగొచ్చి నిలబడరాదే అన్నా, కదలకుంట కూసునుడు నీకు మంచిగనే అలవాటు గద!" వాడి పక్కవాళ్ళే నవ్వారు. ఆ సీజన్లో నేను మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

చెల్లెలి జట్టు ఫైనల్‌కి వచ్చింది. ఎదురు జట్టు హిమాయత్‌నగర్. వాళ్ళ కెప్టెన్ పొడుగాటి అమ్మాయి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే సగం మైదానం కనిపించేది కాదు. చెరొక గోలు కొట్టారు. తరవాత మా వాళ్ళు వరసగా దాడి చేస్తున్నారు. ఇంకొక్క పది నిమిషాలుంటే గోల్ పడేది. కాని రిఫరీ వచ్చిందే ఆలస్యం. అజాన్ వినబడింది, విజిల్ మోగింది. అమ్మాయిలు బూట్లు చేత్తో పట్టుకుని ఇళ్ళకి పరుగెత్తారు. ఆ పరుగు ఆటలో కన్నా జోరుగా ఉంది.

మళ్ళీ ఆడాల్సిన ఆట వెంటనే పెట్టమని నేను రోజూ దుకాణం చుట్టూ తిరిగాను. "మైదానంలో నుమాయిష్ పని మొదలవుతుంది సాబ్. గుంజలు పాతేస్తే ఆడలేరు."

"ఫికర్ చేయకు తమ్మీ. మా బామ్మర్ది బిడ్డ పెండ్లున్నది, అది కానీ."

పెండ్లి అయింది. డిసెంబర్ వచ్చింది. మేం వెళ్ళేసరికి నా సున్నం గీతల మీద వెదుళ్ళ లారీ నిలబడి ఉంది. దుకాణాల గుంజల కోసం అక్కడక్కడ గుంతలు తీశారు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి, కనబడిన ప్రతి గుంతా మట్టితో పూడ్చి, దిమ్మిసతో కొట్టాను. లారీని కదిలించడానికి డ్రైవరుని వెతకాల్సి వచ్చింది. ఆయన ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ దొరికాడు. ఆట మొదలయ్యేసరికి నీడలు పొడుగయ్యాయి.

చివరిదాకా గోల్ పడలేదు. వెలుగు పోతోంది. అప్పుడు చెల్లెలు కుడివైపు నుంచి ఇద్దరిని తప్పించుకుని వచ్చింది. గోల్‌కీపర్ ముందుకొచ్చి జారిపడింది. చెల్లెలు తొందరపడకుండా, ఖాళీ గోల్‌లోకి బంతిని నేల మీద దొర్లించింది. నేను గీత దగ్గరే ఉన్నాను. బంతి దొర్లుకుంటూ వచ్చింది, గోల్ గీతకి ఇవతల ఒక చోట కిందికి దిగింది, ఆగింది. లారీ నిలబడిన చోటు అది. లారీ రాకముందే ఎవరో తీసిన గుంత, చక్రాల మధ్య ఉండిపోయి పూడ్చేటప్పుడు నాకు కనబడలేదు, లారీ కదిలాక ఆట తొందరలో చూసుకోలేదు. బంతి అందులో గుడ్డులా కూర్చుంది.

ఒక క్షణం ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. తరవాత చెల్లెలూ పొడుగాటి అమ్మాయీ ఒకేసారి పరుగెత్తారు. పొడుగాటి అమ్మాయి కాళ్ళు పొడుగు. బంతిని గుంతలోంచి తన్నేసింది, మట్టితో సహా.

"అది గోలే!" అని టైపిస్టు అమ్మాయి అరిచింది.

"గీత దాటలే గద!" అంది పొడుగాటి అమ్మాయి.

"గుంత లేకపోతే దాటేది!"

రిఫరీ జేబులోంచి నియమాల పుస్తకం తీశాడు. గుంత గురించి అందులో ఏమీ లేదు. ఆయన ఇంకా పేజీలు తిప్పుతుండగానే అజాన్ వినబడింది. విజిల్ ఊదాడు.

మూడోసారి ఆడడానికి మైదానం లేదు. సెక్రటరీ సాబ్ రెండు జట్లనీ వరసగా నిలబెట్టి, ఇద్దరూ ఉమ్మడి విజేతలని ప్రకటించారు. ఇలాంటప్పుడు మన దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కప్పు ఆరు నెలలు ఒకరి దగ్గర, ఆరు నెలలు ఇంకొకరి దగ్గర. ముందు ఎవరి దగ్గరో బొమ్మా బొరుసు వేసి తేలుస్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం న్యాయం సాబ్? ఒక సీజనంతా ఆడి చివరికి బొమ్మా బొరుసా?"

"ఇద్దరు గెలిచిన్రు తమ్మీ. ఒక్కలు గూడ ఏడ్వరు. గింతకన్న మంచిది ఏముంటది?"

చెల్లెలు బొమ్మ అంది. బొరుసు పడింది. కప్పు రిక్షా ఎక్కి హిమాయత్‌నగర్ వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ దీపం పెడుతోంది. నాన్నగారు పేపరు దించి చెల్లెలి ఖాళీ చేతుల కేసి చూశారు. "కప్పేదమ్మాయ్?"

"గెలిచాం నాన్నా. సగం."

జరిగిందంతా నేను చెప్పాను. గుంతని కాగితం మీద గీసి కూడా చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అన్యాయం చెయ్యకూడదని ఆయన నిజంగానే ఆలోచించారు, నేను ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. సెలవు చీటీ మీద సంతకం పెట్టేముందు ఆలోచించేవాళ్ళ మొహం అది.

"కప్పు మొత్తం వస్తే ఏడాది అన్నాను. సగం వచ్చింది. కాబట్టి ఆరు నెలలు ఆడుకో. జనవరి నుంచి జూన్ ఆఖరు దాకా."

"నాన్నగారూ, ఆ ఆరు నెలల్లో ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ ఉండదు! ఆట మొదలయ్యేదే వానల్లో."

"అది నేను పెట్టిన నియమం కాదుగా."

"అసలు మీ రెండు షరతులే ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. దీపాల వేళకి ఇంటికి రమ్మన్నందుకే కప్పు సగమైంది."

"అయితే కొంచెం ముందుగా మొదలుపెట్టాల్సింది" అన్నారు. ఆ సీజనంతా నేను సెక్రటరీ సాబ్‌కి చెప్తూ వచ్చిన మాటే అది.

చెల్లెలు లోపలికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న బూట్లకి నూనె రాస్తూ కనబడింది. ఆ ఆరు నెలలూ, మ్యాచ్ ఒక్కటీ లేని ఆరు నెలలూ, ఆమె వదులుకోలేదు. నుమాయిష్ అయిపోయిన మైదానంలో, మేకులూ పగిలిన గాజుముక్కలూ ఏరి పక్కన పోసి, ఎండ ముదరకముందే వెళ్ళి ఒంటరిగా బంతి తన్నుకునేది. ఎవరితో ఆడతావని అడిగితే, గోడతో అంది. "గోడ వేళకి వస్తుందిరా అన్నయ్యా."

జూలై మొదట్లో పొడుగాటి అమ్మాయి రిక్షా దిగింది. ఒళ్ళో తువ్వాలు చుట్టిన కప్పు.

"జర పైలం. ఒక చెవి వంగింది, మా తమ్ముడు పడేసిండు. నేను ఆడుడు బందు పెట్టిన. వరంగల్‌ల బ్యాంకు నౌకరి వచ్చింది." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి అంది, "గుంతల పడ్డది గోలే. గప్పుడు ఒప్పుకోలే గని, గోలే."

చెల్లెలు కప్పుని నాన్నగారి కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని చూశారు. "మిగతా సగం వచ్చిందన్న మాట. మిగతా ఆరు నెలలూ ఆడుకో." ఆరోజు అమ్మ సేమ్యా పాయసం చేసింది. గెలిచామనే నేనూ అనుకున్నాను.

కొత్త చార్టు గీసుకుని దుకాణానికి వెళ్ళాను. ఈసారి మొదలుపెట్టే వేళ ఎర్రసిరాతో రాశాను. సెక్రటరీ సాబ్ దాన్ని తీసుకోలేదు. "పోయినేడు ఆడిన పిల్లలేరి తమ్మీ? నర్సులు జిల్లాలకు పోయిన్రు. హిమాయత్‌నగర్ల కెప్టెనే లేదు. మిర్చి సేటు గూడ ఈసారి కబడ్డీ అంటున్నడు. వచ్చే ఏడు చూద్దాం తియ్."

"మరి కప్పు?"

"మీ ఇంట్లనే ఉండనీ. దుకాణంల జాగ లేదు."

ఆటల్లేవు కాబట్టి చూసి ఎంపిక చెయ్యడానికి ఏమీ లేదని టీచరమ్మ కూడా చెప్పింది. వానలు వచ్చాయి, వెళ్ళాయి. నేను తెలిసిన కాలేజీలన్నిటికీ సైకిలు మీద తిరిగాను. పదకొండు మంది ఒక్క చోటా కుదరలేదు. డిసెంబర్‌లో మైదానంలో మళ్ళీ గుంజలు లేచాయి.

మొన్న నాన్నగారు రేడియో పెట్టబోతూ ఆగారు. "ఆరు నెలలు దాటాయి కదమ్మాయ్. వాళ్ళ కప్పు వాళ్ళకి ఇచ్చెయ్యాలి కదా?"

"అడగడానికి ఎవరైనా రావాలిగా నాన్నా" అంది చెల్లెలు.

గేటు చప్పుడైతే ఇప్పటికీ తలెత్తి చూస్తుంది.