అక్క జీపుకు నీళ్లొచ్చిన రోజు

బస్సు కండక్టరుగా రిటైరైన వారానికే మా అక్క ఒక పాత జీపు కొంది. "ఇన్నేండ్లు నిలబడి తిరిగిన, ఇగ కూసోని తిరుగుత" అంది. బీర్పూర్ దగ్గర ఆమె మక్కచేనుకు పోయే బాట వాన పడితే బురదే. నాలుగు చక్రాలూ లాగే బండి అయితేనే దాటుతుందని ఆమె పట్టు.

ఒక సాయంత్రం చేను నుంచి జగిత్యాలకు వస్తుంటే, ఎదురొచ్చిన టిప్పరు గుంటలోని బురదంతా మా అద్దం మీద కొట్టి పోయింది. అక్క వైపర్ వేసింది. బురద పోలేదు సరికదా, అద్దం నిండా పరుచుకుంది. ముందేమీ కనబడదు. ఆమె తల బయటికి పెట్టి చూస్తూ, నేను ఈ పక్క నుంచి దారి చెబుతూ, ఎలాగో బండిని ఓరకు ఆపాం. తాగే నీళ్లతో అద్దం కడిగాను.

మర్నాడు మెకానిక్ తేల్చేశాడు. "గిసొంటి పాత బండ్లల్ల అద్దం కడిగే పంపు పనిచెయ్యది మేడమ్. బండ్ల ఒక నీళ్ల సీస పెట్టుకోండ్రి."

అక్క ఇంటికొచ్చి బానెట్ ఎత్తింది. "అండ్ల ఉన్నయేంది తమ్మీ? ఒక డబ్బా, ఒక మోటరు, సన్న పైపు. మనమే చేద్దాం పా."

డబ్బా పగిలి ఉంది. మోటరుకు బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు తగిలించినా ఉలకలేదు. కోరుట్లలో పాత కార్ల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాం. అక్కడి చాచా ఒక చిన్న కారులోంచి తీసిన డబ్బా, దాని మోటరు తెచ్చి, నీళ్లు పోసి బ్యాటరీకి కలిపాడు. నీళ్లు ఎగిరి ఆయన గడ్డమంతా తడిసింది.

"దేఖో ఆపా, ఎంత జోరుందో చూడు" అన్నాడు అక్కతో, తుడుచుకోకుండానే.

తెల్లారి ఇంటి ముందు మధ్యాహ్నం దాకా కష్టపడి బిగించాం. అక్క బటన్ నొక్కింది. మోటరు గుర్రుమంది, నీళ్లు మాత్రం రాలేదు. నీళ్లు చిమ్మే రంధ్రాల్లో మట్టి గట్టిపడి ఉంది. కుట్టు సూదితో పొడిచి తీశాను. ఈసారి వచ్చాయి, కానీ ప్రతిసారీ బాగా ఆలస్యంగా. నొక్కడం ఆపగానే పైపులోని నీళ్లు వెనక్కి డబ్బాలోకి జారిపోతున్నాయి.

అక్క కాసేపు ఆలోచించి, "చేపల తొట్టికి పెడుతరు సూడు, నీళ్లు ఎనుకకు రాకుండ ఆపేది, గది తే" అంది. పరుగున వెళ్లి రంగు చేపల దుకాణంలో తెచ్చాను. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. పైపు మధ్యలో కోసి అతికించాం.

నొక్కగానే రెండు ధారలు రివ్వున లేచి, జీపు పైనుంచి దూకి, వెనక దండెం మీది పక్కింటివాళ్ల బట్టల మీద పడ్డాయి. పక్కింటి వదిన బయటికొచ్చి ఆకాశం వైపు చూసింది. మేమిద్దరం నవ్వలేక బానెట్ మీద వాలిపోయాం. సూది మొనతో రంధ్రాల మూతిని కొంచెం కిందికి వంచాక, ధారలు సరిగ్గా అద్దం నడుమ తగిలాయి. వైపర్ ఒక్కసారి తిరిగేసరికి అద్దం తళతళలాడింది. అక్క మళ్లీ నొక్కింది. మళ్లీ నొక్కింది.

"ఎవరికన్న సూపియ్యాలె" అంది అక్క. అంతే, ఇంటి తాళం కూడా నన్నే వెయ్యమని బండి తీసింది. వేములవాడ మీదుగా సిరిసిల్లలో ఆమె బిడ్డ ఇంటికి పోయాం.

బిడ్డ గుమ్మంలోకొచ్చి, "ఏమైందే అమ్మా, చెప్పకుండ అచ్చినవ్?" అని కంగారు పడింది.

"ఏం కాలే. అచ్చి గిక్కడ కూసో. గిది నొక్కు."

నొక్కింది. కళ్లు పెద్దవి చేసుకుని మళ్లీ నొక్కింది. అల్లుడు బట్ట నేసే సాంచాల కాడి నుంచి వచ్చి తనూ కూర్చున్నాడు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ దిగలేదు. అక్క నడుముకు కొంగు దోపుకుని, నీళ్ల బిందె కోసం నేరుగా వాళ్ల వంటింట్లోకి నడిచింది.