తెల్లకన్ను శీలావతి

మినరల్ బస్తా మూతి విప్పగానే వచ్చే వాసన నాకు ఇప్పటికీ ఇట్టే తెలిసిపోతుంది. తడిసిన ఇనుప గొలుసును అరచేతిలో నలిపినట్టుంటుంది. ఈ ఉదయం కైకలూరు దగ్గర, నేను మేత సలహా చెప్పే ఒక చెరువు గట్టు మీద, పట్టుబడికి, అంటే పెరిగిన చేపల్ని పట్టి అమ్మడానికి, వల దింపుతుండగా, రైతు వాడగా మిగిలిన బస్తా విప్పి చూపించాడు. ఆ వాసన తగలగానే నజీమా మేడమ్ గుర్తొచ్చారు. నేను గట్టు మీద అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. ఆ తిరుగుడు కూడా ఆవిడ దగ్గర అంటుకున్నదే.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్కన ఆవిడ షాపు. చేపల మేతలో కలిపే జింకు, రాగి, మాంగనీసు లాంటి ఖనిజాల పొడులు అమ్మేవారు. ఫిషరీస్ చదివి నేను మొదట చేరిన ఉద్యోగం అక్కడే. ఆవిడ కుర్చీలో స్థిమితంగా కూర్చోగా చూసిన గుర్తు లేదు. రైతు వచ్చి ఫలానా పొడి కావాలంటే, "ముందు చేప కళ్ళు చూశారా అండీ?" అని అడిగేవారు. చూడలేదంటే మరుక్షణం బ్యాగు భుజానికి తగిలించుకుని చెరువుకు బయలుదేరేవారు. కొట్టు తెరిచి కూర్చుని కొనొద్దని చెప్పే మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. ఎండలో ఆ బస్సు ప్రయాణాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా వైపు చెరువుల్లో మేత పెట్టే పద్ధతి వేరు. కన్నాలు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్ళలో పాతిన వెదురు గడలకు వరసగా కడతారు. చేపలు వచ్చి ఆ కన్నాల దగ్గర నోరు పెట్టి లాక్కుంటాయి. తవుడులో పొడి కలిపేటప్పుడు మాత్రం రైతు చెయ్యి ఆగదు. విస్తరి ముందు కూర్చున్న కొత్త అల్లుడికి వడ్డించినట్టు, ఇంకో గుప్పెడు, ఆ పైన ఇంకో గుప్పెడు. అందులో మోసం లేదు, ఉన్నదంతా ప్రేమే. మేడమ్ జీవితమంతా ఆ గుప్పెడుతోనే పోట్లాడారు.

కౌలుకు చెరువు తీసుకున్న కోటేశ్వరరావు గారు ఒకరోజు షాపు మెట్లెక్కుతూనే దాదాపు ఏడ్చినంత పని చేశారు.

"చేపల కళ్ళు తెల్లబడిపోతున్నాయండీ. లారీవాళ్ళు చూస్తే లోడు ఎత్తరు. ఈ పంట పోతే చెరువు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఇంకో పది బస్తాలు ఇప్పించండి మేడమ్ గారూ."

మధ్యాహ్నానికల్లా ముగ్గురం ఆయన చెరువు దగ్గర ఉన్నాం. విసురు వలలో పడ్డ శీలావతి చేపల్లో కొన్నిటి కళ్ళ మీద పాలు చిందినట్టు తెల్లటి పొర. మేడమ్ మేత షెడ్డులోకి వెళ్ళి చూశారు. మా పొడి పక్కనే పశువులకు పెట్టే మినరల్ మిక్చరు బస్తాలున్నాయి, నిండా కాల్షియం.

"గేదెలకి బాగా పనిచేసిందండీ. ఎముక బలం కదా అని చేపలకి కూడా బాగానే దట్టించాను," అన్నారాయన.

"అదేనండీ వచ్చిన గొడవ. తవుడు ఎలాగూ జింకును పట్టుకుని వదలదు. పైన ఇంత కాల్షియం పోస్తే ఆ కాస్త జింకు కూడా చేప ఒంటికి పట్టదు. కళ్ళకి కావాల్సింది అదే."

"అయితే జింకే ఎక్కువ వేస్తానండీ!"

"వద్దు! ఎక్కువైతే అదీ విషమే. గేదెల మందు ఆపేయండి. తవుడు పట్టుకోలేని రకం జింకు ఒకటుంది, చిటికెల లెక్కన వేయాలి. గంజిలో కలిపి తవుడుకి పట్టించి, నీడన ఆరబెట్టి అప్పుడు సంచులు కట్టండి. లేకపోతే నీళ్ళలోనే కరిగిపోతుంది." తర్వాత నెమ్మదిగా చెప్పారు. "తెల్లబడ్డ కళ్ళు మాత్రం తిరిగి రావండీ. మిగతావాటి కోసమే మన పాట్లు."

ఆయన ముఖం మాడిపోయింది. పక్క షాపులో పది కాదు, ఇరవై బస్తాలు అడిగినా ఇచ్చేవాళ్ళు. తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను, మీకు నమ్మకం ఉందా మేడమ్ అని.

"సగం ఉంది అమ్మాయ్. మిగతా సగానికే కదా ఈ తిరుగుళ్ళు," అన్నారు.

కోటేశ్వరరావు గారు చెప్పినట్టే మేత మార్చారు, అయినా పట్టుబడి దాకా ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి కళ్ళ గురించి అడగడం, పెట్టేసి షాపు ముందు పచార్లు చేయడం. ఫోన్ మోగితే నేనే ముందు పరిగెత్తేదాన్ని. పట్టుబడి రోజు వల ఒడ్డుకు వస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు, వేళ్ళు చల్లగా ఉన్నాయి. వలలో దాదాపు అన్నీ తేటకళ్ళే. లారీ నిండింది, చెరువు ఆయన దగ్గరే నిలిచింది. తెల్లకళ్ళవి మాత్రం ఒక పక్కన కుప్పగా మిగిలాయి.

పట్టుబడినాడు సాయం చేసినవాళ్ళకి మంచి చేపను చేతిలో పెట్టడం మా వైపు మర్యాద. కోటేశ్వరరావు గారు బరువైన బొచ్చె చేపను తెచ్చి ఇవ్వబోయారు. మేడమ్ వంగి కుప్పలోంచి తెల్లకన్ను శీలావతిని తీసుకున్నారు.

"అయ్యో, అదెందుకండీ!"

"మంచిది లారీలో వేయండి. మనం ఆలస్యంగా వచ్చింది దీని దగ్గరికే కదండీ," అన్నారు. ఆ సాయంత్రం వన్ టౌన్‌లో వాళ్ళింట్లో పులుసు పెట్టి నాకూ వడ్డించారు. ఆ తెల్లకళ్ళ తల మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, తన కంచంలోనే వేసుకున్నారు.

మేడమ్ పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆవిడ లేని లోటు నాకు పట్టుబడి రోజుల్లోనే ఎక్కువ, పట్టుకోవడానికి పక్కన చెయ్యి ఉండదు. ఈ ఉదయం వల ఒడ్డుకు వచ్చింది. కళ్ళు చాలావరకు తేటగానే ఉన్నాయి. రైతు నవ్వుతూ పెద్ద బొచ్చెను అందించాడు. పక్కన పడేసిన తెల్లకళ్ళ కుప్ప వైపు నేను వంగాను.

"దానికి కళ్ళు పోయాయండీ," అన్నాడతను.

"తెలుసండీ," అన్నాను.

ఇంటికొచ్చి పులుసు పెట్టాను. తల నా కంచంలోనే వేసుకున్నాను.