ప్రసన్నక్క తిరిగి చెప్పించిన రంగులు

కేబుల్ పైతోలు ఒలిచినప్పుడు ఒక వాసన వస్తుంది. కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పటి వాసనే, కాస్త ఘాటుగా. నిన్న మా ల్యాబుకు రెండు పాత రూటర్లు పరీక్షకు వచ్చాయి. ఇప్పటి రూటర్లు ఏ కేబుల్ పెట్టినా తమంతట తామే సర్దుకుంటాయి. ఈ పాత ప్రాణులకు ఆ తెలివి లేదు, రెంటినీ కలపాలంటే క్రాసోవర్ కేబుల్ కట్టక తప్పదు. తోలు ఒలిచి లోపలి రంగురంగుల ఎనిమిది తీగలూ బయటికి తీశానో లేదో, నా ప్రమేయం లేకుండానే నా నోరు "తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ..." అని అందుకుంది. గదిలో ఎవరూ లేరు కాబట్టి పరువు దక్కింది. ఈ అలవాటు నాకు అంటించిన మనిషి ప్రసన్నక్క.

అప్పట్లో నేను పనిచేసింది నెల్లూరులో, టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో. చుట్టుపక్కల ఊళ్ల ఆఫీసులకు నెట్‌వర్కులు వేసేవాళ్లం. ప్రతి రూటర్నీ పంపేముందు మా రెండు గదుల ల్యాబులో పరీక్షించేవాళ్లం. ఆ ల్యాబుకు పెద్ద ప్రసన్నక్క. యాభై దాటిన మనిషి, బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. ఆదివారం చర్చిలో పాటలు పాడిన గొంతుతోనే సోమవారం మమ్మల్ని కేకలేసేది. నేనేమో పులికాట్ ఒడ్డున పల్లె నుంచి ఇంజనీరింగ్ పట్టా పట్టుకుని దిగాను. నాన్న చేపల వేటకు పోతాడు. ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే, కళ్లు నెత్తిమీద ఉండేవి.

అక్క దగ్గర ఒక నియమం ఉండేది. కేబుల్ కట్టగానే, తీగలు కలిశాయో లేదో దీపాలతో చూపే టెస్టర్ ముట్టుకోకూడదు. ముందు ఒకరు తమ కొసలోని రంగులు వరసగా పైకి చదవాలి, రెండోవాళ్లు విన్నది తిరిగి చెప్పాలి. తర్వాత రెండో కొస. మొదటిరోజే నాకు ఒళ్లు మండింది.

"ఇదేందక్కా, ఒకటో క్లాసులో ఎక్కాల మాదిరి?" అన్నాను.

"మా నాయన సిగ్నల్ క్యాబిన్లో పనిచేసినాడు పాపా. తను ఫోన్లో చెప్పిన నంబరు పక్క స్టేషనోళ్లు తిరిగి చెప్పందే రైలు కదలనిచ్చేవాడు కాదు. మనం చెప్తే చెప్పినట్టు కాదు, అవతలోళ్లు తిరిగి చెప్తేనే చెప్పినట్టు."

రైలూ రూటరూ ఒకటేనా అని గొణిగాను. ఆమెకు వినబడనే వినబడింది. "ఆ గొణిగిందేందో తిరిగి చెప్పు," అంది. ల్యాబంతా నవ్వింది.

క్రాసోవర్ సంగతి కూడా ఆమె చెబితేనే నా బుర్రకెక్కింది. కాలేజీలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఎందుకలా కడతారో ఎన్నడూ అడగలేదు. "ఈ రెండు రూటర్లూ ఒక తల్లి బిడ్డలు," అంది అక్క. "ఒకే జత తీగల మీద మాట్లాడతాయి, ఒకే జత మీద వింటాయి. తిన్నగా కలిపితే ఇద్దరూ మాట్లాడతానే ఉంటారు, వినే నాథుడుండడు. అందుకని నారింజ జతనీ ఆకుపచ్చ జతనీ తారుమారు చేయాల. ఒక్క కొసనే సుమా!" వింటూనే నేను మెలితిరిగిన తీగల్ని చకచకా విడదీస్తున్నాను. ఆమె నా వేళ్ల వంక చూసింది. "ఈ చేతులు యాడ నేర్చినాయి ఈ పని?" అంది. వలలు బాగుచేయడంలో అని నసిగాను. ఆఫీసులో ఎవరికీ చెప్పుకోని సంగతి అది. "ఇంత మంచి విద్యను దాచిపెట్టుకున్నావా?" అంది. నాకు ఏడుపొచ్చింది, టీ తాగొస్తానని బయటికి పోయాను.

మూడు నెలలు చూసి ఉద్యోగంలో ఉంచుకునేదీ లేనిదీ తేలుస్తామని కంపెనీ మొదటే చెప్పింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను రెండో నెలలోనే ఇంటికి ఫోన్ చేసి ఉద్యోగం ఖాయమైందని చెప్పేశాను. నాన్న పడవల రేవంతా చాటాడు. ఇప్పుడు కాదంటే ఏ ముఖం పెట్టుకుని ఊరికి పోవాలి?

గడువు చివరిరోజు మా యజమాని వచ్చి, "ఐదింటికి చూస్తాను వనజా. ఈ గదిలో రూటరూ ఆ గదిలో రూటరూ నువ్వు కట్టిన కేబుల్‌తో కలవాలి," అని చెప్పి వెళ్లాడు. తోడుగా ఖాదర్‌ని ఇచ్చారు, అతను నాకన్నా ఏడాది ముందు చేరినవాడు. అక్క ఆ పూట బయట పనిమీద పోయింది. గోడ కన్నంలోంచి కేబుల్ దూర్చి, ఖాదరూ నేనూ చెరో గదిలో చెరో కొసా కట్టాం. టెస్టర్ పెడితే ఎనిమిది దీపాలూ ఒకటి నుంచి వరసగా వెలిగాయి. తీగ ఎక్కడా తెగలేదని మురిసిపోయానే గానీ, క్రాసోవర్‌లో అవి అలా వరసగా వెలగకూడదన్న సంగతి గుర్తే రాలేదు. రంగులు చదవడమంటారా, అక్క లేదు కదా! రూటర్లకు తగిలించాం. రెండూ కలిస్తే వెలగాల్సిన లింకు దీపం వెలగలేదు. గంటసేపు ఆ రూటర్లను తిట్టాను, ఆపి మళ్లీ పెట్టాను, చెమటలు కక్కాను.

నాలుగున్నరకు అక్క వచ్చింది. నా ముఖం చూసింది. తిన్నగా వెనక గదిలోకి పోయి ఖాదర్ కొస పట్టుకుని, పాట ఎత్తుకున్నట్టు చదివింది. "తెలుపు ఆకుపచ్చ... ఆకుపచ్చ... తెలుపు నారింజ..."

తిరిగి చెప్పబోతూ నా కొస చూసుకున్నాను. అక్కడా తెలుపు ఆకుపచ్చే. "అక్కా," అన్నాను, "ఇద్దరం తారుమారు చేసేసినాం."

ఖాదర్ తల గోక్కున్నాడు. "కంగారులో నువ్వు మరిచిపోతావేమోనని నేనే చేసేసినా," అన్నాడు. పాపం, నాకు మేలు చేద్దామనే. నాతో ఒక్క మాట అనలేదు, నేనూ అతన్ని ఒక్క మాట అడగలేదు. రెండు తారుమార్లు కలిసి కేబుల్ తిన్ననిదైపోయింది. నా కొస కత్తిరించి, తారుమారు చేయకుండా మళ్లీ కట్టాను. ఈసారి చదివాం, తిరిగి చెప్పాం. లింకు దీపం పచ్చగా వెలిగేసరికి యజమాని గుమ్మంలో ఉన్నాడు.

"ఇంతసేపెందుకు పట్టింది?" అన్నాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అక్క నావంకే చూస్తోంది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన అక్కవైపు తిరిగాడు. "ఈ పిల్లని ఉంచండి సార్," అంది అక్క. "ఈ తప్పు ఇంక జన్మలో చేయదు. కొత్తోళ్లని తెస్తే మళ్లీ మొదట్నించీ చేస్తారు." ఆయన నవ్వాడు. నా ఉద్యోగం ఆ నవ్వుతో ఖాయమైంది.

అక్క ఇప్పుడు బిట్రగుంటలోనే ఉంది. చెవి కాస్త మందగించింది, ఫోన్లో నేను ఏం చెప్పినా తిరిగి చెప్పి సరిచూసుకుంటుంది. ఆనాటి కేబుల్ నా సంచిలోనే ఉంది, నిన్నటి రూటర్లను కలిపిందీ అదే. కొత్తది సగం ఒలిచి పక్కన పెట్టేశాను.

ఉద్యోగం ఖాయమైన ఆనాటి సాయంత్రం టైర్ల దుకాణం మెట్లమీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. "నాన్నా, అప్పుడు చెప్పింది అబద్ధం. ఉద్యోగం ఈరోజే ఖాయమైంది," అన్నాను.  అవతల పడవలకు నీళ్లు తగిలే చప్పుడు వినబడుతోంది. తిడతాడనుకున్నాను. నాన్న ఏ సిగ్నల్ క్యాబినూ చూసినవాడు కాదు, ప్రసన్నక్క ఎవరో తెలియదు.

"అప్పుడు కాలేదు. ఈరోజు అయింది," అన్నాడు మెల్లగా. "అంతే గదమ్మా?"

"అంతే నాన్నా," అన్నాను.