డియెప్ చెప్పిన ఒక్క అబద్ధం

మెకాంగ్ నది ఒడ్డున మా బడిలో నా పక్క గదిలోనే పదకొండేళ్లు ఐదో తరగతికి పాఠం చెప్పింది డియెప్. మేమంతా బల్లను బెత్తంతో బాది చదివిస్తుంటే, ఆమె గదిలో సంత గోల. సరైన జవాబు చెప్పినా వదిలేది కాదు, "ఎలా తెలుసు?" అని మళ్లీ అడిగేది. మంచి ప్రశ్న వేసిన పిల్లకు సుద్దముక్క ఇచ్చి బోర్డు దగ్గర నిలబెట్టేది. మిగతా పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఆ ప్రశ్న సంగతి తేల్చాలి. గోల భరించలేక రెండుసార్లు నేనే గోడ మీద కొట్టాను. నిజం చెప్పాలంటే అది గోల బాధ కాదు, కుళ్లు.

మా దగ్గర తనిఖీ పాఠమంటే నాటకం. వారం ముందే ప్రశ్నలూ జవాబులూ పంచేస్తాం. జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి ఎత్తాలి, రానివాళ్లు ఎడమ చెయ్యి. మరీ మొద్దుల్ని ఆ రోజు ఇంట్లోనే ఉండమంటాం. తనిఖీకి వచ్చేవాళ్లూ ఒకప్పుడు ఈ వేషాలు వేసినవాళ్లే.

ఆ ఏడు డియెప్ వంతు వచ్చింది. హెడ్మాస్టర్ ఖాంగ్ గారు స్టాఫ్ గదిలో ఆమెను పట్టుకున్నారు.

"ఎన్నిసార్లు రిహార్సల్ చేయించావమ్మా?"

"ఒక్కసారీ లేదు సార్."

"కొంప ముంచకు తల్లీ! పిల్లలు నోరు జారితే?"

"జారనివ్వండి సార్. అప్పుడే గదా లోపల ఏముందో తెలిసేది!"

నేను పక్కనే కూర్చుని కిసుక్కున నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పాఠం నది గురించి. వెనక బల్లల మీద ఇద్దరు అధికారులు, వాళ్ల పక్కన తల్లిదండ్రుల సంఘం పెద్ద, చివర నేను. ఏట్లో ఇసుక తోడే పడవలన్నీ ఆ పెద్దమనిషివే. నది ఒండ్రు తెచ్చి గట్లను పెంచుతుందని ఒక పిల్లవాడు పుస్తకంలోంచి చదివాడు. థామ్ అనే పిల్ల లేచింది. వాళ్ల నాన్న ఆ పడవల మీదే కూలి.

"టీచర్, గట్లు పెరిగితే మరి మా వంటిల్లు ఏట్లో ఎందుకు పడిపోయింది? మా నాన్న రోజూ తోడే ఇసుక ఎక్కణ్ణుంచి వస్తోంది?"

డియెప్ ముఖం వెలిగిపోయింది. అలాంటి ప్రశ్న కోసమే పదకొండేళ్లుగా గొంతు చించుకుంది మరి. సుద్దముక్క ఇవ్వబోతుంటే పెద్ద అధికారి లేచాడు.

"పదేళ్ల పిల్లకి ఈ మాట సొంతంగా పుడుతుందా? ఎవరు రాసిచ్చారు? టీచరా, మీ నాన్నా?"

ఆయన్ని మాత్రం ఏమనగలం? రాసివ్వని ప్రశ్న మా బళ్లలో ఆయన ఎన్నడూ వినలేదు. సంఘం పెద్ద థామ్‌నే చూస్తున్నాడు. నాన్న పేరు బయటికొస్తే రేపు అతణ్ణి పడవ ఎక్కనివ్వరు. థామ్ నోరు తెరవబోయింది. డియెప్ అడ్డుపడింది.

"నేనే రాసిచ్చానండీ. బట్టీ పట్టించాను. దానికి ఆ మాటల అర్థం కూడా తెలీదు."

"కాదు టీచర్, నేనే..."

"నోర్మూసుకుని కూర్చో!"

ఆ గదిలో ఆ మాట అదే మొదటిసారి.

థామ్ నాన్న కూలి పోకుండా నిలిచింది. డియెప్‌ని పాఠాల నుంచి తప్పించి పుస్తకాల గదిలో కూర్చోబెట్టారు. ఆమె తరగతి నాకు వచ్చింది. గోల లేదు. ఆ నిశ్శబ్దంలో పాఠం చెప్పడం నాకే కష్టంగా ఉండేది.

రోజూ అన్నం దగ్గర డియెప్ ఒకటే మాట అడిగేది: "అక్కా, థామ్ ఏమైనా అడుగుతోందా?"

"లేదు చెల్లీ."

"నువ్వు కదిపి చూడక్కా. 'నీకేమనిపిస్తోంది?' అను."

మర్నాడు థామ్‌ని లేపి అలాగే అడిగాను. చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడింది. ఎంతో మర్యాదగా అంది:

"మీరు రాసివ్వండి టీచర్. బట్టీ పడతాను."

ఆ మాట దాచాల్సింది. నా పాడు నోరు, మధ్యాహ్నమే డియెప్‌కి చెప్పేశాను. ఆమె అన్నం గిన్నె మూత పెట్టేసి, కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. ఆ తరవాత థామ్ గురించి నన్నెప్పుడూ అడగలేదు.